నోటు వెనక ఒక్క సంతకం

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున. వంటవాళ్ళు గాడిపొయ్యి పూడ్చేసి, గుండిగలు ఎత్తించుకుని వెళ్ళిపోయారు. వాకిట్లో షామియానా గుంజలు ఇంకా పీకలేదు. మా అక్కయ్య హాల్లో గోడకు చేరగిలబడి కూర్చుంది. కాఫీ గ్లాసు చేతికిచ్చి "రెండు గుక్కలు తాగక్కయ్యా" అని నేను బతిమాలుతున్నాను. అప్పుడు వచ్చాడాయన.

తెనాలిలో నలుగురికీ తెలిసిన మనిషే. తెల్ల పంచె, భుజాన కండువా. బావగారి ఫోటోకి దణ్ణం పెట్టాడు. "యాభై ఒకటో ఏట పోవలసిన మనిషా చెల్లెమ్మా" అని కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఆ కండువా భుజం మీదకు చేరకముందే జేబులోంచి పాలిథిన్ కవరు తీశాడు. అందులో ప్రాంసరీ నోటు. మూడు లక్షల రూపాయలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. రెవెన్యూ స్టాంపు మీద నుంచి బావగారి సంతకం.

"ఇప్పుడు నిన్ను డబ్బడగను చెల్లెమ్మా. అంత కసాయివాణ్ణి కాదు. ఓ వెయ్యి రూపాయలు చెల్లు వేసి, నోటు వెనక ఒక్క సంతకం పెట్టు చాలు. కాదంటావా, నీ పేరున కొత్త నోటు రాసుకుందాం. ఇది నీ కళ్ళ ముందే చించేస్తాను. నీకూ మనశ్శాంతి, పోయిన వాడికీ శాంతి" అన్నాడు.

అక్కయ్య మాట్లాడకుండా పెన్ను అందుకుంది.

నేను గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాను. నాకేదో చట్టాలు తెలిసి కాదు. కళ్ళజోడు లేకపోతే అక్కయ్యకు అక్షరం కనిపించదు. ఆ పూట కళ్ళజోడు లేదు. చదవకుండా సంతకం పెట్టేస్తోందన్న ఒక్క సంగతే నాకు తోచింది.

"అన్నయ్యగారూ, నెల రోజులు గడువివ్వండి. లెక్కలన్నీ చూసుకుని మేమే కబురు చేస్తాం" అన్నాను.

ఆయన నవ్వాడు. "నమ్మకం లేదన్నమాట" అన్నాడు. ఆ మాటకు అక్కయ్య ముఖం పాలిపోయింది. నా చెయ్యి విడిపించుకోబోయింది కూడా. నేను వదల్లేదు. ఆ రోజు వదిలి ఉంటే ఏమయ్యేదో తర్వాత తెలిసి నాకు చెమటలు పట్టాయి.

ఇది 2025 జూన్ నాటి సంగతి. బావగారు ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు నడిపేవారు. గుండెపోటుతో ఒక్క పూటలో పోయారు. ఇంజనీరింగు చదువుతున్న కొడుకు, ఇంటర్లో ఉన్న కూతురు. అక్కయ్య డిగ్రీ దాకా చదివింది. అయినా ఆయన ఎవరికి ఎంత ఇవ్వాలో, ఆయనకు ఎవరు ఎంత ఇవ్వాలో ఆమెకు తెలియదు. ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు. "ఆ గొడవలు నీకెందుకు" అంటే అదే ప్రేమ అనుకుంది. అక్కయ్యను అంటున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, అప్పటికి మా ఇంటి సంగతీ నాకంతే తెలుసు.

వరసగా వచ్చినవాళ్ళు

ఆ వారంలో వచ్చినవాళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. కొట్టుకు సరుకిచ్చిన హోల్‌సేలు వాళ్ళు బిల్లులు పట్టుకొచ్చారు. కొట్టు మీద తీసుకున్న అప్పు గురించి బ్యాంకు మేనేజరు మర్యాదగానే కబురు చేశాడు. క్రెడిట్ కార్డు వాళ్ళ తరఫున ఎవరో రాత్రి తొమ్మిదింటికి అమ్మాయి ఫోనుకు చేసి, "మీ నాన్న బాకీ కట్టకపోతే ఇంటికి మనుషులొస్తారు" అన్నారట. పిల్ల ఏడుపు. బావగారి స్నేహితుణ్ణంటూ ఒకాయన వచ్చి, "యాభై వేలు చేబదులిచ్చాను. కాగితం లేదు. మా మధ్య కాగితాలెందుకు?" అన్నాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇంట్లో పెద్దల మాటలు ఒక ఎత్తు. అక్కయ్య పెదమామగారు పడక్కుర్చీలో కూర్చుని, "కొడుకన్నాక తండ్రి రుణం తీర్చి తీరాలి. లేకపోతే పోయినవాడికి గతులుండవు. ఇల్లు అమ్మండి" అని తీర్పు చెప్పేశారు. ఆ ఇంటి స్థలం మా నాన్న పసుపు కుంకుమ కింద అక్కయ్యకు రిజిస్టరు చేసి ఇచ్చింది. ఆవిడ తోడికోడలు ఇంకో అడుగు ముందుకేసి, "నగలున్నాయిగా, అవింక పెట్టుకునేది లేదుగా" అంది. ఆ మాట విన్న రాత్రి అక్కయ్య బీరువా తీసి నగల పెట్టె నా ముందు పెట్టింది. "తీసుకెళ్ళి అమ్మేయవే. మాట పడలేను" అంది.

భర్త పోయిన ఆడదాన్ని లొంగదీసుకోవడానికి ఆ ఒక్క మాట చాలు కదండీ. "నీ మొగుడు అప్పు ఎగ్గొట్టి పోయాడు" అని ఎవరైనా అంటారేమోనన్న భయం. ఆ భయంతోనే ఎంతమంది ఇల్లాళ్ళు చదవని కాగితాల మీద సంతకాలు చేశారో! 2015 డిసెంబరులో మా విజయవాడలో కాల్‌మనీ వ్యవహారం బయటపడినప్పుడు పేపర్లలో చదివి అయ్యో అనుకున్నాను. నా తోడబుట్టినదాని చేతిలో పెన్ను చూసేదాకా అది మన గడప దాకా రాదనే అనుకున్నాను.

లాయరుగారి ముందు బెంచీ మీద

డిగ్రీలో నా పక్కన కూర్చున్న స్నేహితురాలు ఇప్పుడు తెనాలి కోర్టులో ప్రాక్టీసు చేస్తోంది. మర్నాడు అక్కయ్యను, మేనల్లుణ్ణి తీసుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. నోటు సంగతి చెప్పగానే ఆమె మొట్టమొదట అడిగింది, "సంతకం పెట్టారా?" అని. లేదన్నాక కుర్చీలో వెనక్కు వాలి, "అయితే కాఫీ తాగి మాట్లాడుకుందాం" అంది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో మీకు చెబుతాను.

మనిషి పోతే అప్పు పోతుందనుకోవడం తప్పు. అలాగని అది భార్య నెత్తిన, పిల్లల నెత్తిన పడుతుందనుకోవడం ఇంకా పెద్ద తప్పు. అప్పు ఆయన వదిలివెళ్ళిన ఆస్తిని పట్టుకుని ఉంటుంది. ఆయన ఆస్తి ఎంత వారసుల చేతికి వచ్చిందో అంతవరకే వాళ్ళు జవాబుదారీ. పది లక్షల అప్పుండి ఆరు లక్షల ఆస్తి వస్తే, ఆ ఆరు లక్షల వరకే. మిగతా నాలుగు లక్షల కోసం భార్య సంపాదన మీదికో, కొడుకు రేపు చేయబోయే ఉద్యోగం మీదికో రావడానికి వీల్లేదు. ఇది 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడులోనే ఉంది. అయితే ఒక మెలిక. వచ్చిన ఆస్తిని దాచేసినా, తమకోసం వాడేసుకున్నా, ఆ మేరకు వారసులే సొంతంగా ఇచ్చుకోవాలి. అందుకని ఏది ఎంతకు అమ్మాం, ఎవరికి ఎంత ఇచ్చాం అన్నది కాగితం మీద ఉండాలి.

అక్కయ్య ఇల్లు, నగలు బావగారి ఆస్తి కాదు. పుట్టింటివారు ఇచ్చింది, పెళ్ళిలో పెట్టింది ఆమె సొంతం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఆడదాని ఆస్తికి ఆమెనే పూర్తి హక్కుదారును చేసింది. ఆయన అప్పుకు అవి జమ కావు.

"మరి పెదమామగారు కొడుకు తీర్చాలంటున్నారు?" అన్నాను. పూర్వం అలాంటి నియమం ఉండేదట. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమని, ఆ ధర్మం ఆధారంగా ఉమ్మడి ఆస్తిలో కొడుకు వాటా మీదికి కూడా అప్పులవాళ్ళు వెళ్ళగలిగేవారు. 2005 సవరణ దాన్ని తీసేసింది. ఆ ఏడాది సెప్టెంబరు 9 తర్వాత చేసిన అప్పుకు, కేవలం కొడుకన్న కారణంతో కోర్టు ఎవరినీ కట్టమనదు. మేనల్లుడు అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్నాడు. ఈ మాట విని మొదటిసారి తలెత్తాడు. చదువు మానేసి హైదరాబాదులో ఏదో ఉద్యోగం చూసుకుంటానని అప్పటికే స్నేహితులతో చెప్పి ఉన్నాడట పిచ్చివాడు.

ఇక నోటు సంగతి. ప్రాంసరీ నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్ళు గడువు. ఆ లోపల దావా వెయ్యాలి. ఆయన తెచ్చిన నోటు 2022 ఆగస్టులో రాసింది. అంటే ఇంకా రెండు నెలలే ఉంది. బావగారి దగ్గర వడ్డీ నెల నెలా చేతికి అందుకున్నాడు గానీ, నోటు వెనక ఒక్కటీ చెల్లు వేయలేదు. ఇప్పుడు వెయ్యి రూపాయలు కట్టి వెనక సంతకం చేస్తే, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు నడుస్తుంది. అది చిన్న సంగతే. రెండోది చూడండి. పాత నోటు చించేసి అక్కయ్య పేరున కొత్త నోటు రాస్తే, ఇక అది బావగారి అప్పు కాదు. అక్కయ్య అప్పు. ఆమె ఇల్లు, ఆమె నగలు, ఆమె పేరున ఉన్న ప్రతి పైసా దానికి జవాబు చెప్పాలి.

"నీకూ మనశ్శాంతి" అన్నాడే, ఆ మనశ్శాంతి ఖరీదు ఇదన్నమాట.

అన్నీ మనకు అనుకూలంగానే లేవు. బ్యాంకు కాగితాలు చూసి లాయరుగారు ముఖం చిట్లించింది. కొట్టు అప్పుకు అక్కయ్య హామీదారుగా సంతకం చేసి ఉంది. "ఎప్పుడు చేశావు?" అంటే, "ఏమో, బ్యాంకుకు రమ్మన్నారు, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను" అంది. హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. అది ఆమె తప్పించుకోలేదు. బకాయి మూడు లక్షల ఇరవై వేలు. కొట్టులో సరుకు ఎలాగూ ఆ బ్యాంకుకే తాకట్టు. కాబట్టి ముందు ఆ సరుకు అమ్మి బ్యాంకు తీర్చమంది.

క్రెడిట్ కార్డు వాళ్ళ ఫోన్ల గురించి అడిగాను. అప్పు వసూలు చేసేవాళ్ళు పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్లు చేయకూడదని, బెదిరించకూడదని, ఇంటివాళ్ళను అవమానపరచకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు గట్టిగా చెప్పింది. ఫోను వచ్చిన తేదీ, టైము రాసుకుని, మరణ ధ్రువపత్రం నకలు జతచేసి ఒక ఉత్తరం పంపించాం. పిల్ల ఫోను మళ్ళీ మోగలేదు.

రావలసినవీ ఉంటాయి

అప్పులవాళ్ళ గోలలో మనం మరిచిపోయేది ఒకటుంది. పోయిన మనిషికి ఇతరుల దగ్గర నుంచి రావలసింది. వాళ్ళెవరూ పరుగెత్తుకుని రారు కదా!

ఒక ఆదివారం అక్కయ్యా నేనూ చాప వేసుకుని బావగారి కాగితాలన్నీ ముందేసుకున్నాం. కొట్టు బాకీల పుస్తకం, బ్యాంకు పాసుపుస్తకాలు, చీటీ పుస్తకం, ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే చిన్న డైరీ. డైరీ నిండా ఆయన పొడి అక్షరాలు. "హె.మి. 10", "చీటి 5", "పాలు 60" అంటూ. అక్కయ్య ఒక్కొక్కటీ వేలుపెట్టి చదివి, అర్థమైనవి నా చేత రాయించింది. ఆయన చేతిరాత చూసి మధ్య మధ్య ఆగిపోయేది. నేనూ ఆగేదాన్ని.

ఎలక్ట్రీషియన్లు, మేస్త్రీలు ఖాతాలో పట్టుకెళ్ళిన సరుకు తాలూకు బాకీలు తేలాయి. మేనల్లుడు సైకిలు మోటారు మీద తిరిగి, లక్షా పదిహేను వేలు రాబట్టాడు. ఇంకా పాడని చీటీ ఒకటుంది. కట్టినంత సొమ్ము లక్షా ఇరవై వేలు వచ్చింది. పాసుపుస్తకంలో ప్రతి ఏడాది మే నెలాఖరున 436 రూపాయలు తగ్గినట్టుంది. ఏమిటా అని బ్యాంకులో అడిగితే, ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం అన్నారు. రెండు లక్షల బీమా, నామినీ అక్కయ్య! బావగారు ఎన్నడూ చెప్పలేదు. 436 రూపాయల వరస కంటపడకపోతే ఆ రెండు లక్షలు ఎవరికీ తెలియకుండానే ఉండిపోయేవి.

అదే డైరీ ఇంకో పని కూడా చేసింది. యాభై వేలు చేబదులిచ్చానన్న స్నేహితుడి పేరు ఎదురుగా కొట్టివేత, పక్కన "చెల్లు" అని, తేదీ. ఆ తేదీన బావగారి ఖాతాలోంచి ఆయన ఖాతాకు ఫోను ద్వారా డబ్బు వెళ్ళినట్టు బ్యాంకు స్టేట్‌మెంటులో ఉంది. మేనల్లుడు ఆ కాగితం ఆయన ముందు పెట్టి, "అంకుల్, ఇది మీదేనా?" అని మాత్రం అడిగాడు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "మర్చిపోయినట్టున్నాను బాబూ" అని లేచాడు. "హె.మి." అంటే హెడ్మాస్టారుగారు అని తేలింది. ఆయన పదివేలు ఇచ్చిన మాట నిజం. అడగడానికి మొహమాటపడి రాలేదు. మేమే వెళ్ళి ఇచ్చాం.

తీర్చిన లెక్క

కొట్టులో సరుకు మొత్తం ఇంకో డీలరుకు నాలుగు లక్షల పదివేలకు అమ్మాం. రాబట్టిన బాకీలు, చీటీ, బ్యాంకు ఖాతాలో ఉన్న ఇరవై రెండు వేలు కలిపితే ఆరు లక్షల అరవై ఏడు వేలు. అదీ బావగారు వదిలివెళ్ళింది. అందులోంచి బ్యాంకుకు మూడు లక్షల ఇరవై వేలు కట్టి, బాకీ లేదని ఉత్తరం పుచ్చుకున్నాం. హోల్‌సేలు వాళ్ళకు తొంభై వేలు. క్రెడిట్ కార్డు వాళ్ళతో మాట్లాడితే ముప్ఫై వేలకు ఒప్పుకున్నారు. హెడ్మాస్టారుగారికి పది. మిగిలింది రెండు లక్షల పదిహేడు వేలు.

నోటు ఆయన సంగతి మాత్రం ఇంట్లో పెద్ద గొడవే అయింది. మా మరిది, అంటే అక్కయ్య మరిది, "ఇంకో నెల ఊరుకుంటే గడువు దాటిపోతుంది వదినా. అప్పుడు ఆయన చేసేదేమీ లేదు. నెలనెలా వడ్డీ గుంజుకోలేదా?" అన్నాడు. నాకూ ఆ మాట నచ్చింది. ఆ రోజు "నమ్మకం లేదన్నమాట" అని ఆయన నవ్విన నవ్వు నా మనసులో అలాగే ఉంది.

అక్కయ్య ఒప్పుకోలేదు. "ఆయన మోసం చెయ్యబోయాడేమో, నాకు తెలీదు. డబ్బిచ్చిన మాట నిజం. మీ అన్నయ్య తీసుకున్న మాట నిజం. ఉన్నంతలో ఇస్తాం" అంది. అన్ని రోజుల్లో ఆమె అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు.

కోర్టు ఆవరణలోనే న్యాయసేవల కార్యాలయం ఉంది. దావా వెయ్యకముందే అక్కడి లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టారు. లెక్కల కాగితం వాళ్ళ ముందు పెట్టాం. ఆయన కాసేపు కేకలేశాడు. ఆస్తి ఇంతే, అంతకుమించి చట్టప్రకారం రాదని ఆయన లాయరే ఆయనకు చెప్పాడు. రెండు లక్షల పదివేలకు ఒప్పుకున్నాడు. అదాలత్ ఇచ్చిన ఆ కాగితానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంది, దాని మీద అప్పీలు లేదు. నోటు వెనక పూర్తిగా చెల్లు రాయించి, నోటు వెనక్కు తీసుకున్నాం. ఇంటికి వచ్చాక అక్కయ్య దాన్ని చించలేదు. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివి, ఫైల్లో పెట్టింది.

మిగిలిన ఏడు వేలు చూసి, "అయిపోయిందక్కయ్యా" అన్నాను.

అవలేదు.

పాలు 60

రెండు నెలలు దాటాక ఒక పొద్దున అక్కయ్య పాలావిడకు నెల లెక్క చూసి డబ్బిస్తోంది. పదిహేనేళ్ళుగా గేదె పాలు పోస్తున్న మనిషి. లీటరు ఎనభై అని లెక్క వేసుకుంటుంటే అక్కయ్య చెయ్యి ఆగింది. బావగారి డైరీలో "పాలు 60" అని ఉంది కదా, అది పాల ధర అనుకుని మేం వదిలేశాం. మరి పాలు అరవైకి ఎప్పుడు కొన్నాం?

డైరీ తెచ్చి చూసింది. ఆ రాత 2025 జనవరిది. అప్పటికే లీటరు ఎనభై.

"ఆయన దగ్గర నీ డబ్బేమైనా ఉందా?" అని అడిగింది.

పాలావిడ చెంబు కింద పెట్టి కొంగు సవరించుకుంది. ఎంతకీ మాట్లాడదు. గుచ్చి గుచ్చి అడిగితే, "ఉండయ్యమ్మా. దూడల్ని అమ్మిన డబ్బు, డ్వాక్రా డబ్బు కలిపి అరవై వేలు అయ్యగారి దగ్గర దాచాను. ఇంట్లో ఉంటే మా వాడు తాగేస్తాడని. పిల్ల పెళ్ళికి ఇస్తానన్నారు" అంది.

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేం?"

"ఏమని అడగను? కాయితం లేదు. అందరూ వచ్చి మీద పడతన్నారు. మీ తిప్పలు మీకున్నయ్యి గదమ్మా."

రోజూ పొద్దున్నే వచ్చింది. అప్పులవాళ్ళంతా వాకిట్లో కుర్చీల్లో కూర్చుని ఉంటే, పక్కనుంచి వెళ్ళి పాలు పోసి వెళ్ళింది. అరవై వేలు పోయాయనుకుంటూనే ఒక్కరోజు కూడా పాలు మానలేదు. పెద్దకర్మనాడు పెరుగు కోసం పోసిన పాలకు డబ్బులు కూడా పుచ్చుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అక్కయ్య నాకు ఫోను చేసి ఈ సంగతి చెప్పింది. నేను నెమ్మదిగా, "బావగారి ఆస్తిలో ఏడువేలే మిగిలాయక్కయ్యా. చట్టప్రకారం..." అన్నాను. రెండు నెలలుగా ఊరందరికీ అదే మాట చెప్పి చెప్పి నోటికి అలవాటైపోయింది. అన్నాక నాకే సిగ్గేసింది. అవతల అక్కయ్య ఏమీ అనలేదు. కొంచెం సేపయ్యాక, "బీమా డబ్బు నా పేరున వచ్చింది. అది నాదేనని లాయరుగారు చెప్పిందిగా. నా డబ్బు నా ఇష్టం" అంది.

మర్నాడు పాలావిడను బ్యాంకుకు తీసుకెళ్ళి, ఆమె ఒక్కదాని పేరునే ఖాతా తెరిపించి, అరవై వేలు అందులో వేయించింది. పాసుపుస్తకం ఇంటికి తీసుకెళ్ళనని ఆమె అక్కయ్య దగ్గరే దాచుకుంది. ఖాతా మాత్రం ఆమెది, నామినీ ఆమె కూతురు. కాగితం లేని నమ్మకానికి అక్కయ్య కాగితం రాయించింది.

కథలు రాసేదాన్ని కాబట్టి చాలామంది నన్ను "అప్పులవాళ్ళను భలే ఎదుర్కొన్నారే, రాయండి" అన్నారు. నిజానికి నాకు అర్థమైంది వేరే. ఎంతవరకు ఇవ్వాలో తెలియని మనిషి భయపడి అందరికీ సంతకాలు చేస్తుంది. గట్టిగా అరిచినవాడికి ముందు ఇచ్చేస్తుంది. ఆ మొదటి రోజే నగలు అమ్మి, కొత్త నోటు రాసి ఉంటే, అడగలేక ఊరుకున్న పాలావిడకు ఇవ్వడానికి అక్కయ్య దగ్గర ఏం మిగిలేది?

మా ఇంటికి వచ్చాక ఒక ఆదివారం మావారి ముందు రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టాను. "మనం ఎవరికి ఎంత ఇవ్వాలి, మనకు ఎవరు ఇవ్వాలి, బీమాలేమిటి, నామినీ ఎవరు, నా చేత ఎక్కడెక్కడ సంతకాలు పెట్టించారు, అన్నీ రాయండి" అన్నాను. "నేను పోతానని చూస్తున్నావా?" అని ఆయన కస్సుమన్నారు. "నేను పోయినా మీకు కావాలి. నా చీటీలు మీకు తెలుసా?" అన్నాను. తెలియదు. నవ్వేసి పెన్ను తీసుకున్నారు. ఇంటి అప్పు రాశారు, బండి అప్పు రాశారు, ఆఫీసు సొసైటీలో తీసుకున్నది రాశారు.

"కాగితం లేనివి?" అన్నాను.

కాసేపు ఆలోచించారు. తర్వాత కొత్త పేజీ తిప్పి, "ఇస్త్రీ అతనికి 340" అని రాశారు.

దగ్గర ఉంచుకోండి

● మరణాన్ని 21 రోజుల లోపల నమోదు చేయించి, ధ్రువపత్రం నకళ్ళు ఎక్కువ తీసుకోండి. తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కూడా.

● అప్పు అడగవచ్చినవారిని నోటు, బిల్లు నకలు ఇవ్వమనండి. చదవకుండా, ఒకరికి చూపించకుండా దేనిమీదా సంతకం వద్దు. ఖాళీ కాగితం మీద అసలే వద్దు.

● మీరు హామీ సంతకం చేసిన అప్పు, ఇద్దరి పేరున కలిపి తీసుకున్న అప్పు మీదే. అది ముందు చూసుకోండి.

● ప్రావిడెంట్ ఫండ్ నుంచి నామినీకి వచ్చే సొమ్మును అప్పులవాళ్ళు జప్తు చేయించలేరు. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాపిల్లల పేరున తీసుకున్న జీవిత బీమా కూడా అంతే. పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఫారం నింపించాలి.

● కోర్టు డిక్రీ వచ్చినా కట్టుబట్టలు, వంట పాత్రలు, పడక బట్టలు, ఆచారం ప్రకారం ఆడవాళ్ళు ఒంటి మీద నుంచి తీయకూడని ఆభరణాలు జప్తు చేయడానికి వీల్లేదు.

● ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్ళందరికీ న్యాయసేవల సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. కోర్టు ఆవరణలో అడగండి. ఫోను 15100.